ఎడమవైపు రెయిలింగు

తాము సంపూర్ణంగా సురక్షితమని ప్రకటించుకునే భాగ్యం అన్ని బడులకూ దక్కదు. ఈ ప్రభుత్వ పాఠశాలకు దక్కింది. ఆ సంగతి చెప్పే బోర్డు గేటు మీద రెండు బారల పొడుగుంది. పై అంతస్తుకు వెళ్ళే మెట్లకు ఎడమవైపు రెయిలింగు ఆరేళ్ళ క్రితం ఊడిపోయిన మాట నిజమే గాని, చంద్రుడికైనా మచ్చ ఉంది కదా అని పెద్దలు సరిపెట్టుకున్నారు.

సరిపెట్టుకోలేనిది లెక్కల టీచరు ఒక్కతే. ఆవిడ కూతురు మూడో తరగతి, ఆ తరగతి పైన. పిల్ల మెట్లెక్కుతున్నంతసేపూ ఆవిడ ప్రాణం అరచేతిలో ఉండేది. అందుకని జిల్లా విద్యా కార్యాలయానికి అర్జీ పెట్టింది.

కార్యాలయం నాలుగు నెలల్లో తక్షణమే స్పందించింది. "రెయిలింగు లేదు, ఆనుకోరాదు" అనే బోర్డు పంపింది. పిల్లలు దానికి ఆనుకుని చదివారు. బోర్డు పడిపోయింది. రెండో అర్జీకి భద్రతా సంఘం ఏర్పడింది. మెట్లు ప్రమాదకరమని తేలడంతో సంఘం సమావేశాలన్నీ కిందే జరిగాయి. మెట్లు చూసి రమ్మని సభ్యులెవరినీ పంపలేదు, భద్రత ముఖ్యం కాబట్టి. మూడో అర్జీకి ఏకంగా ఉత్తర్వే వచ్చింది: ఇనుము వచ్చేవరకు ఉపాధ్యాయులే రెయిలింగుగా వ్యవహరించవలెను.

"ఇనుముకి జాలి ఉంటుందా? ఉండదు. పిల్లవాడు పడబోతే చెయ్యి చాస్తుందా? చాచదు," అన్నారు హెడ్మాస్టరుగారు మైదానంలో మైకు పట్టుకుని. "ఎక్కడా లేని ప్రాణమున్న రెయిలింగు మనది. అందులో భాగం కావడం మీ అదృష్టం. నాకా అదృష్టం లేదు, నేను పొట్టి."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. కింద పద్యాలు చెప్పే మాస్టారు, నడుమ లెక్కల టీచరు, పైన సైన్సు మాస్టారు చేతులు చాచి అంచున నిలబడ్డారు. ఏ పిల్ల ఎప్పుడు మంచినీళ్ళకు దిగుతుందో తెలియదు కనుక మొదటి గంట నుంచి చివరి గంట దాకా అక్కడే. తరగతుల్లో పాఠాలు ఆగాయి గాని చదువు ఆగలేదు. పిల్లలు ఎక్కేటప్పుడు ఒక పద్యపాదం, ఒక ఎక్కం, ఒక సూత్రం అందుకునేవారు. దిగేటప్పుడు అవే తిరగేసి అప్పజెప్పేవారు.

తనిఖీ అధికారి వచ్చి ముగ్గురినీ భుజం పట్టి ఊపి చూశారు. "గట్టిగానే ఉన్నారు," అని రాసుకున్నారు. రెయిలింగుకు ఏటా రంగు వేయాలని నిబంధన ఉంది కాబట్టి ముగ్గురికీ బూడిదరంగు కోట్లు మంజూరు చేశారు. తల్లిదండ్రుల సభలో చప్పట్లు మోగాయి. ఇదివరకు టీచర్లు ఎక్కడుంటారో తెలిసేది కాదని, ఇప్పుడు ఎప్పుడొచ్చినా కనిపిస్తున్నారని ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంట్లో లెక్కల టీచరు భర్త "రెయిలింగుగారికి టీ పొయ్యనా?" అని ఆటపట్టించేవాడు.

"నువ్వూరుకోరా," అనేది అత్తగారు. "అమ్మాయ్, రేపు కిటికీ ఊడితే నిన్నే తీసుకెళ్ళి కిటికీలో పెడతారు. ఎందుకొచ్చిన గొడవ, మానెయ్యరాదూ?"

"నేను మానేస్తే పిల్లని ఎవరు పట్టుకుంటారత్తయ్యా?" అనేది కోడలు.

ఒక సోమవారం గంట కొట్టగానే పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ దిగారు. కూతురి కాలు జారింది. లెక్కల టీచరు పిల్లను రెక్క పట్టుకుని గోడవైపు లాగి విసిరింది. పిల్ల దక్కింది. ఆ ఊపుకు ఆవిడే అంచు దాటి కింద పడింది. రెయిలింగుకు రెయిలింగు ఉండదు కదా. కాలు రెండుచోట్ల విరిగింది. అంత నొప్పిలోనూ ఆ తల్లి "నీకేం కాలేదు కదమ్మా?" అనే అడిగింది.

ప్రమాదాల పట్టికలో విద్యార్థులకు గాయాలు సున్న అని రాశారు. సిబ్బందికి గాయాలు కూడా సున్నే, ఎందుకంటే ఆ సమయంలో ఆవిడ సిబ్బంది కాదు. స్టాకు రిజిస్టరులో మాత్రం నమోదైంది: "రెయిలింగు, ఎడమవైపు, మధ్యభాగం విరిగినది. మార్చవలెను." ఆరేళ్ళుగా ఒక్క ఇనుప కమ్మీ పంపలేకపోయిన కార్యాలయం మర్నాడు పది గంటలకల్లా కొత్త టీచరును పంపింది. మంచి పొడగరి. కోటు కూడా అతికినట్టు సరిపోయింది.

లెక్కల టీచరు పిండికట్టుతో ఇంటికొచ్చిన సాయంత్రం కూతురు బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. విరిగిన రెయిలింగును ఒక్కరోజులో మార్చినందుకు తల్లిదండ్రులమైన మేము సంపూర్ణ సంతృప్తి తెలియజేస్తున్నాము అని ఉంది అందులో. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. చింపబోయింది.

"చింపకమ్మా," అంది పిల్ల. "ఒక్క సంతకం తగ్గినా కొత్త టీచర్ని వెనక్కి పంపేస్తారంట. రేపు నేను మెట్లెక్కాలి కదా."

ఆవిడ నలిగిన కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని సాపు చేసింది. తర్వాత కలం అడిగి, కాగితం అట్టడుగున సంతకం పెట్టింది. పైన చోటు లేదు, మీ అందరి సంతకాలూ అప్పటికే ఉన్నాయి.