నాగానోకు మూడో టికెట్టు

ఆ సోమవారం పొద్దున విద్యాసాగర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. స్నానం చేసి, ఉప్మా తిని, స్కూటర్ మీద బషీర్‌బాగ్‌లోని ఆఫీసుకు పోయి, ఆఫీసరు గారి ముఖం ప్రసన్నంగా ఉన్న సమయం చూసి, పదిహేను రోజుల సెలవు కాగితం ఆయన బల్ల మీద పెట్టాలి. సంతకం పడితే దాన్ని శుక్రవారం లోపల నారాయణగూడ ట్రావెల్స్ అతనికి ఇవ్వాలి. అతను దాన్ని మూడు పాస్‌పోర్టులతో కలిపి వీసాకు పంపుతాడు. ఫిబ్రవరిలో జపాన్‌లోని నాగానోలో మంచు ఒలింపిక్స్ జరుగుతున్నాయి. విద్యాసాగర్ ఇద్దరు స్నేహితులతో కలిసి వాటిని చూడబోతున్నాడు.

చిక్కడపల్లిలో పుట్టి, చిక్కడపల్లిలోనే పెళ్లాడి, యాభై ఒక్క ఏళ్లకు ఒక ప్రభుత్వ శాఖలో సూపరింటెండెంటు అయిన మనిషికి మంచు పిచ్చి ఎక్కడ పట్టుకుందని భార్య రాజకుమారి చాలాసార్లు అడిగింది. తప్పంతా జైపాల్ దుకాణంలోని టీవీది. జైపాల్ నారాయణగూడలో స్వెటర్లు అమ్ముతాడు. హైదరాబాదులో స్వెటర్లు అమ్మేవాడికి ఏడాదిలో పది నెలలు టీవీ చూడటమే పని. నాలుగేళ్ల కిందట ఒక సాయంత్రం ఆ టీవీలో ఒక మనిషి కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని, కొండంత వాలు మీది నుంచి జారి, గాలిలోకి లేచి, కింద పడకుండా అట్లాగే ముందుకు వాలి ఉండిపోయాడు. విద్యాసాగర్ చేతిలో చాయ్ చల్లారిపోయింది.

"గిది ఒక్కసారి కండ్లార చూడాలె జైపాల్," అన్నాడు. జైపాల్ సరే అన్నాడు. మూడో స్నేహితుడు రామచంద్రయ్య, రిటైరైన లెక్కల మాస్టారు. అక్కడ చలి ఎన్ని డిగ్రీలుంటుందో కనుక్కుని, డైరీలో రాసుకుని, ఆయనా సరే అన్నాడు.

అడ్డం ఒక్కటే. అదే ఫిబ్రవరిలో ఎన్నికలు వచ్చిపడ్డాయి. ఎలక్షన్ డ్యూటీ ఉన్నందున ఎవరికీ సెలవు లేదని ఆఫీసరు వీరరాఘవరావు గారు నోటీసు పెట్టించారు. ఒక గుమస్తా తన పెళ్లికి సెలవు అడిగితే ముహూర్తం మార్చుకోమన్నారు.

ఇంతలో జైపాల్ మంచి మనసుతో ఒక పని చేశాడు. స్నేహితుడికి తెలియకుండా ఒక గుడ్డ బ్యానర్ రాయించాడు. 'జపాన్‌లో మంచు ఒలింపిక్స్ చూడబోతున్న మన శ్రీ విద్యాసాగర్ గారికి శుభాకాంక్షలు' అని చిట్టీ రాసి అశోక్‌నగర్ పెయింటర్ దాసయ్యకు ఇచ్చాడు. దాసయ్య పాలమూరు నుంచి గోడలకు సున్నం వేసే పనికి వచ్చి, గోడల మీద అక్షరాలు చూసి చూసి రాత నేర్చుకున్నవాడు. సోమవారం తెల్లారేసరికి బ్యానర్ చిక్కడపల్లి చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా వేలాడుతోంది.

విద్యాసాగర్ దాని కిందినుంచే పోయాడు. చిక్కడపల్లిలో స్కూటర్ నడిపే మనిషి కిందికి చూస్తాడు, గుంతలు ఉండేది అక్కడే కనుక. ఆ పొద్దున ఆ బ్యానర్ చదవని మనిషి చుట్టుపక్కల ఆయనొక్కడే.

కూరగాయల బండి దగ్గర అనసూయమ్మ ఆపింది. ఆమె పక్కింటి ముసలామె. ఆయనను నిక్కరు వేసుకునే నాటి నుంచీ ఎరుగును.

"ఏం సాగర్, ఒలంపిక్స్‌కు పోతున్నవంట?"

"అవును పెద్దమ్మా. నీకెవరు చెప్పిన్రు?"

"బజారంత గదే ముచ్చట. ఏం ఆట బిడ్డా?"

"మంచు మీద జారుడు. పెద్ద గుట్ట మీదికెల్లి జారి గాల్లకు దుంకుతరు."

అనసూయమ్మ ఆయన పొట్ట వైపు చూసింది. "భయం కాదా?"

"భయమెందుకు, రెండు స్వెటర్లు ఏసుకుంటే సరి. జైపాల్ ఇస్తనన్నడు."

"ముందుగాల ఎన్నడన్న చేసినవా?"

"టీవీల శాన సార్లు చూసిన."

అనసూయమ్మ చేతిలోని వంకాయను మళ్లీ బండిమీద పెట్టింది. "రాజకుమారి ఏమన్నది?"

"పోయి రా, పదిహేను రోజులు పీడ పోతది అన్నది," అని నవ్వి, స్కూటర్ ముందుకు పోనిచ్చాడు. ఆ రోజంతా అనసూయమ్మకు రాజకుమారి మీద కోపం తగ్గలేదు.

వీరరాఘవరావు గారి ఇల్లు అశోక్‌నగర్‌లో. ఆయన చిక్కడపల్లి చౌరస్తా మీదుగా జీపులో కూర్చుని వస్తారు కాబట్టి తలెత్తి చూసే తీరిక ఉంటుంది. ఆఫీసులో విద్యాసాగర్ తన గదిలోకి అడుగుపెట్టగానే ఆయన కుర్చీలోంచి లేచారు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో తనను చూసి ఏ ఆఫీసరూ లేవలేదు కాబట్టి, విద్యాసాగర్ వెనక్కి తిరిగి ఇంకెవరు వచ్చారా అని చూశాడు.

"ఇంత పెద్ద విషయం మా దగ్గర దాచారేమిటండీ?" అన్నారు వీరరాఘవరావు గారు.

"దాచలే సార్. ఇయ్యాల్నే కాగితం తెచ్చిన. ఎలక్షన్లని తెలుసు, గని నాలుగేండ్ల సంది దీని మీదనే ఉన్న."

"నాలుగేళ్లుగా తయారవుతున్నారా?"

"అవు సార్. రోజు పొద్దుగాల పార్కుల నడుస్తున్న. ఆడ మెట్లు శాన ఎక్కాలెనంట."

"మరి ఆ చలిలో ఎలాగండీ?"

"తట్టుకోవాలె సార్. వచ్చినోళ్లందరు తట్టుకుంటలేరా."

వీరరాఘవరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత సెలవు కాగితం అందుకుని నిలువునా రెండు ముక్కలు చేశారు.

"మీ సొంత సెలవు ఎందుకు వాడుకోవాలండీ? ఇలాంటివాటికి స్పెషల్ లీవు ఉంది. దానికి ఎలక్షన్ డ్యూటీ కూడా అడ్డం రాదు. ఇవాళే పైకి రాస్తాను."

ఆటలు చూడటానికి కూడా స్పెషల్ లీవు ఇస్తారని విద్యాసాగర్‌కు తెలియదు. ప్రభుత్వం మీద గౌరవం పుట్టుకొచ్చింది. వీరరాఘవరావు గారి గురించి క్యాంటీన్‌లో తానన్న మాటలన్నీ మనసులోనే వెనక్కి తీసుకున్నాడు.

సాయంత్రం తిరిగి వస్తుంటే చౌరస్తాలో ఒక లారీ మొరాయించి దారి ఆగిపోయింది. చూడటానికి ఇంకేమీ లేక తలెత్తాడు. 'మంచు ఒలింపిక్స్ ఆడబోతున్న మన శ్రీ విద్యాసాగర్ గారికి' అని ఉంది. మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ అట్లాగే ఉంది. పొద్దుటి నుంచి జరిగినదంతా ఒక్కొక్కటిగా అర్థమై, చెవులు వేడెక్కాయి. స్కూటర్‌ను అశోక్‌నగర్ వైపు తిప్పాడు.

"మస్తుగొచ్చింది గదన్న నీ బ్యానర్," అన్నాడు దాసయ్య కుంచె కడుగుతూ.

"చిట్టీల చూడబోతున్న అని లేదా? ఆడబోతున్న అని ఎందుకు రాసినవ్?"

"గట్లనే ఉండె. తప్పు రాసిన్రని నేనే సరి చేసిన."

"తప్పెట్లయితది దాసయ్యా? నేను చూస్తందుకే పోతున్న."

దాసయ్య కుంచె పక్కన పెట్టాడు. "చూసేటోనికి ఎవడన్న బ్యానర్ కడతడా అన్న? పన్నెండేండ్ల సంది రాస్తున్న. గెలిచినోనికి రాసిన, ఓడినోనికి రాసిన, సచ్చినోనికి రాసిన. చూసినోనికి ఎన్నడు రాయలే."

ఈ వాదంలో తప్పు ఎక్కడుందో విద్యాసాగర్‌కు ఇప్పటికీ తెలియదు. అక్కణ్ణుంచి నేరుగా జైపాల్ దుకాణానికి పోయాడు. రామచంద్రయ్య అక్కడే ఉన్నాడు.

"బ్యానర్ దింపిస్తే అందరికి తెలుస్తది," అన్నాడు జైపాల్. "తెలిస్తే నీ సెలవు పోతది. జర నాలుగు దినాలు నోరు మూసుకో. విమానం ఎక్కినంక ఏమన్న కానీ."

"అబద్ధం నువ్వు చెప్పలేదు," అని రామచంద్రయ్య లెక్క కట్టాడు. "బ్యానర్ చెప్పింది. బ్యానర్‌కు దాసయ్య చెప్పిండు. నీ వాటా సున్న."

రాజకుమారికి ఈ లెక్క నచ్చలేదు. "రేపు పొద్దుగాల పోయి ఆఫీసరుకు ఉన్నదున్నట్టు చెప్పు. లేకపోతే ఇజ్జత్ పోతది," అంది.

"ఇజ్జత్ పోతే మళ్లొస్తది రాజీ. నాగానో రాదు," అన్నాడు విద్యాసాగర్. ఆమె ఆయన ముఖం చూసి అన్నం పెట్టింది.

మంగళవారం ఆఫీసులో శాలువా కప్పారు. చేతులు అలిసిపోకూడదని ఆయన ఫైళ్లన్నీ పక్క సీట్లకు పంచారు. శాలువా ఇచ్చినవాళ్లు సంతోషంగానే ఉన్నారు, ఫైళ్లు పంచుకున్నవాళ్లు కొంచెం తక్కువ సంతోషంగా ఉన్నారు. బుధవారం పొద్దున పార్కులో నడకకు వచ్చినవాళ్లంతా ఆయనను పిల్లల జారుడుబల్ల దగ్గరికి తీసుకుపోయి, ఒక్కసారి జారి చూపించమన్నారు. మోకాలు పట్టేసిందని చెప్పి తప్పించుకున్నాడు. ఆ గుంపులో ఒక విలేకరి ఉన్న సంగతి ఆయన గమనించలేదు. మధ్యాహ్నం అచ్చయ్యే ఒక పత్రికలో 'మోకాలి గాయంతోనే బరిలోకి చిక్కడపల్లి వీరుడు' అని వచ్చింది. సాయంత్రానికి ఇంటికి ఐదు రకాల తైలాలు చేరాయి. అనసూయమ్మ ఆరో రకం తెచ్చి, దగ్గర కూర్చుని తన చేత్తోనే రుద్దింది. బాగున్న మోకాలు ఆ రుద్దుడుకు నిజంగానే పట్టేసింది.

గురువారం కుంటుకుంటూ ఆఫీసుకు పోయేసరికి పైనుంచి ఆర్డరు వచ్చి ఉంది. వీరరాఘవరావు గారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివారు. శ్రీ విద్యాసాగర్ క్రీడాకారుడిగా, శ్రీ వీరరాఘవరావు మేనేజరుగా నాగానో వెళ్లడానికి ఇద్దరికీ స్పెషల్ లీవు మంజూరైంది.

"రూల్సులో మేనేజరు కూడా ఉన్నాడండీ," అన్నారాయన కొంచెం సిగ్గుపడుతూ. "పోయినేడు సింగపూర్ చూడ్డానికి తీయించిన పాస్‌పోర్టు ఎలాగూ ఉంది. ఎలక్షన్ డ్యూటీ కూడా తప్పుతుంది. మీరు దూకుతుంటే నేను కింద నిలబడి చూస్తాను. మిమ్మల్ని ఎంపిక చేసిన ఉత్తరం ఒక్కటి రేపు తెచ్చివ్వండి చాలు."

ఉత్తరం సంగతి అట్లా ఉంచి, నాగానో మంచులో కింద నిలబడి తన కోసం పైకి చూస్తున్న వీరరాఘవరావు గారు విద్యాసాగర్ కళ్ల ముందు కనబడ్డారు. ఇక లాభం లేదనిపించింది.

"సార్, నేను ఆడుతలేను. ఇద్దరు దోస్తులతోని టికెట్లు తీసుకుని చూస్తందుకు పోతున్న. బ్యానర్ల ఒక్క అక్షరం తప్పు పడ్డది."

వీరరాఘవరావు గారు ఆర్డరును బల్ల మీద పెట్టారు.

"అసలు ఆడరా?"

"నాకు సైకిలే సరిగ్గ రాదు సార్. తప్పైంది. కావాలని దాచలే, మధ్యల తెలిసినంక దాచిన. గా మంచు ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంటున్నది సార్. మామూలు సెలవన్న ఇప్పియ్యిండ్రి."

వీరరాఘవరావు గారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని విద్యాసాగర్ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆయన ఆర్డరును మొదటి నుంచి చివరిదాకా, వేలు పెట్టి, రెండుసార్లు చదివారు.

"మీరు ఆడటం లేదు కాబట్టి మీ స్పెషల్ లీవు చెల్లదండీ," అన్నారు చివరికి. "మేనేజరు విషయానికొస్తే, ఆయన వెళ్లాలని ఇందులో ఉంది. ఆటగాడు వస్తేనే వెళ్లాలని ఎక్కడా లేదు. ప్రభుత్వం వెళ్లమన్నాక నేను వెళ్లకపోతే ధిక్కారం అవుతుంది."

"మరి నా మామూలు సెలవు సార్?"

"నేను లేనప్పుడు ఆఫీసుకు ఇంచార్జి ఎవరండీ?"

ఇంచార్జి సూపరింటెండెంటు. సూపరింటెండెంటు విద్యాసాగర్. ఆయన తలవంచుకుని తలుపు దాకా పోయాడు.

"ఏమండీ," అని వెనక నుంచి పిలిచారు వీరరాఘవరావు గారు. "మీ మూడో టికెట్టు మరి ఏం చేస్తున్నారు?"

జైపాల్ భగ్గుమన్నాడు. తామూ పోమన్నాడు. రామచంద్రయ్య అప్పటికే కొన్న ఉన్ని టోపీ తీసి బల్ల మీద పెట్టేశాడు. విద్యాసాగరే ఇద్దరినీ బతిమాలి ఒప్పించాడు. "మీరన్న చూసి రాండ్రి. వచ్చినంక నాకు మొత్తం చెప్పుండ్రి. గాల్ల ఎంతసేపు ఉంటున్రో లెక్కపెట్టుకుని రా మాస్టారూ," అన్నాడు. శుక్రవారం ట్రావెల్స్‌కు మూడు పాస్‌పోర్టులూ చేరాయి. అందులో విద్యాసాగర్‌ది లేదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కూర్చున్నాడు. "నేను మంచు చూడాలనుకున్న రాజీ. అంతకన్న ఏం అడగలే," అన్నాడు. మొగుణ్ణి గుట్ట మీంచి దూకనిస్తోందని తన మీద అలిగిన వాళ్లందరికీ నాలుగు రోజులుగా జవాబు చెప్పి చెప్పి రాజకుమారి అలిసిపోయి ఉంది. అయినా వచ్చి పక్కన కూర్చుని, "ఏడిస్తే ఏడువు. ఇంట్ల ఎవ్వరు లేరు," అంది. ఆయన కాసేపు ఏడ్చాడు.

బేగంపేట విమానాశ్రయంలో వీరరాఘవరావు గారికి పూలదండ వేసింది విద్యాసాగరే. చిక్కడపల్లిలో మాత్రం మోకాలి వల్లే వీరుడు ఆగిపోయాడని చెప్పుకున్నారు. అనసూయమ్మ తన తైలం సంగతి ఎవరికీ చెప్పలేదు.

నాగానో నుంచి జైపాల్ ఫోను చేశాడు. మంచు కండ్లు జిగేల్మనేటట్టు ఉందనీ, గాలిలో మనిషి ఎనిమిది అంకెలు లెక్కపెట్టేదాకా ఉంటున్నాడని రామచంద్రయ్య చెప్పమన్నాడనీ అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "మీ సార్ ఒక్కనాడు కూడ రాలే. చలికి హోటల్ గదిలకెల్లి బయటికొస్తలేడు. మా ఇద్దరి నడుమ నీ కుర్చీ ఉత్తగనే ఉంటున్నది," అన్నాడు. విద్యాసాగర్ సరే అని ఫోను పెట్టేశాడు.

ఆటలు ముగిసే రోజు ఆఫీసుకు ఫ్యాక్సు వచ్చింది. జలుబు తీవ్రంగా ఉన్నందున, మేనేజరు హోదాలో తన స్పెషల్ లీవును మరో పది రోజులు పొడిగించాలని వీరరాఘవరావు గారు కోరారు. విద్యాసాగర్ రూల్సు పుస్తకం తెప్పించుకున్నాడు. పొడిగింపు కోరే మేనేజరు తన క్రీడాకారుడి సంతకం కూడా జత చేయాలని అందులో ఉంది. ఆయన కలం తీసి, ఫ్యాక్సు మీద 'క్రీడాకారుని సంతకం లేనందున వాపసు' అని రాసి, కింద ఇంచార్జి ఆఫీసరుగా సంతకం చేశాడు.