పై అంతస్తులో కాలేయం

ఇన్సాఫ్ వచ్చే రోజే కైరో ఆకాశం పొద్దున్నే పసుపు పచ్చగా మారిపోయింది. ఎడారి దుమ్ము కిటికీ సందుల్లోంచి కూడా దూరింది. పట్టపగలే మెట్ల మీద దీపం వేయాల్సి వచ్చింది. చెల్లెలు రావడానికి ఈ రోజే దొరికిందా అని వగ్దీ గాలిని తిట్టుకున్నాడు.

భార్య పోయాక ఆయన ఒక్కడే వండుకుని, ఒక్కడే తిని, ఒక్క పళ్లెం కడుక్కుంటున్నాడు. సరిగ్గా పై అంతస్తులో అమ్మ ఉండిన ఇల్లు ఖాళీగా ఉంది. అందులో ఉండమని బతిమాలగా బతిమాలగా దమియెత్తాలో ఉండే ఇన్సాఫ్ ఎట్టకేలకు ఒప్పుకుంది. "కానీ అన్నయ్యా, ఖాళీ ఇంట్లో జిన్నులు కాపురం పెడతాయి. ఒక్క వింత చప్పుడు వినపడిందా, వచ్చిన దారినే పోతాను. తర్వాత నన్ననొద్దు," అని ముందే చెప్పింది. ఇన్సాఫ్ అన్నంత పనీ చేసే మనిషి.

అందుకే ఆ ఇంట్లో రేడియోలో ఖురాన్ పారాయణం రేయింబవళ్లు మోగుతూ ఉంటుంది. అది లేకుండా ఇంటికి తాళం వేసేవాళ్లు ఆ వీధిలో లేరు. ఆ ఉదయమే రేడియో గురగురమని మూగబోయింది. వగ్దీ కంగారుగా తన కొత్త స్పీకర్ పట్టుకెళ్లి, ఫోన్‌తో కలిపి, పారాయణం పెట్టి, తాళం వేశాడు. ఇక అది కూడా రేడియోలాగే తన మానాన తాను మోగుతుందనుకుని, ఫోన్ జేబులో వేసుకుని దిగి వచ్చాడు.

పొయ్యి మీద ములూఖియ్యా ఆకుకూర ఉడుకుతోంది. రోజూ వంట చేస్తూ వినే 'ఒంటిలోని లోకం' కార్యక్రమాన్ని ఫోన్‌లో పెట్టాడు. ఏమీ వినపడలేదు. శబ్దం పూర్తిగా పెంచాడు. అయినా లేదు. "చెవులు కూడా పోయాయన్నమాట. ఇక మిగిలిందేముంది," అని గొణుక్కుని వెల్లుల్లి వేయించడంలో పడ్డాడు.

అప్పుడు వినపడింది. వంటింటి కిటికీ అవతల, గాలి కోసం భవనం నడుమ వదిలిన ఇరుకు సందులోంచి, లబ్ డబ్, లబ్ డబ్ అని గుండె కొట్టుకుంటోంది. వగ్దీ తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని చూశాడు. తన గుండె దారి వేరుగా ఉంది.

"నేను నీ కాలేయాన్ని," అంది ఒక బొంగురు గొంతు. "చీకట్లో ఉంటాను. ఇన్నాళ్లూ నోరెత్తలేదు. నువ్వు దాచుకుని తిన్నదంతా నా దగ్గరికే వచ్చింది."

వెల్లుల్లి తాలింపు ములూఖియ్యాలో ఒంపేటప్పుడు గట్టిగా ఊపిరి ఎగబీల్చాలి. లేకపోతే కూర కుదరదంటారు. భార్య పోయాక వగ్దీకి అది ఎప్పుడూ సరిగ్గా రాలేదు. ఆ రోజు భయానికి దానంతటదే వచ్చింది. ఆ దెబ్బకు పై అంతస్తులో ఒక కిటికీ ధడాల్న తెరుచుకుంది.

"యా లతీఫ్, దేవుడా! ఎవరి ప్రాణం పోయింది?" అని అమ్మ ఇంటికి ఎదురుగా ఉండే మదామ్ ఇనాయత్ కేక పెట్టింది.

"ఇంకా దాస్తావా?" అంది కాలేయం.

వగ్దీ డాక్టర్ వద్దన్నా బియ్యం డబ్బా వెనక దాచిన బస్బూసా మిఠాయి పొట్లం తీసి చెత్తబుట్టలో పడేశాడు. పొయ్యి కట్టేశాడు. ఫోన్ పట్టుకుని మెట్లెక్కాడు. గొంతు వస్తున్నది అమ్మ ఇంట్లోంచే.

అక్కడ మసక వెలుతురులో మదామ్ ఇనాయత్, కాపలాదారు ఇద్రీస్ తాళం వేసిన తలుపు ముందు నిలబడి ఉన్నారు. ఆమె చేతిలోని సాంబ్రాణి పొగకు ఇద్దరూ దగ్గుతున్నారు.

"నాకు తెలియనిది లేదు. ఇప్పుడైనా ఒప్పుకో," అంది లోపలి గొంతు.

"ఒప్పుకుంటున్నా!" ఇద్రీస్ తలుపు ముందు చతికిలబడ్డాడు. "మదామ్, తాడు కట్టి మీరు దించే బుట్టలో కునాఫా మిఠాయి తిన్నది పిల్లి కాదు. నేనే!"

"పాపం పిల్లిని చీపురుతో కొట్టాను కదయ్యా!" అని ఆమె, మరుక్షణమే గొంతు తగ్గించి, "ఉస్తాద్ వగ్దీ, మీ నిమ్మకాయ పచ్చడి జాడీ... అది నా దగ్గరే ఉంది," అంది.

వగ్దీకి పచ్చడి పట్టలేదు. ఇన్సాఫ్ వచ్చే వేళయింది. ఆమె ఇది వింటే అయిపోయినట్టే. అంతలో ఫోన్ మోగింది. ఎత్తాడు. లోపలి గుండె చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

"అన్నయ్యా, నేనొచ్చేశాను. తలుపు తియ్యి."

ఫోన్‌లోంచి కాదు. తాళం వేసిన ఇంట్లోంచి.

ముగ్గురికీ ఒళ్లు జలదరించింది. తాళంచెవి వగ్దీ జేబులోనే ఉంది. రైలుకేదో అయిందని, చెల్లెలు ఇక లేదని, వచ్చింది ఆమె కాదని ఆయనకు గట్టిగా అనిపించింది. తలుపుకు నుదురు ఆనించి ఏడ్చేశాడు. "ఇన్సాఫ్! ఎక్కడున్నావే తల్లీ?"

"ఇక్కడంతా చీకటి," అంది లోపలి ఇన్సాఫ్. "ఒక్క మనిషీ లేడు."

తర్వాత మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. మెల్లగా, ఏదో బరువు ఈడుస్తూ వచ్చాయి. ఒళ్లంతా పసుపు దుమ్ముతో, చెవికి ఫోన్ ఆనించుకుని, పెట్టెతో ఇన్సాఫ్ మలుపు తిరిగింది. ఇద్రీస్ మదామ్ వెనక దాక్కున్నాడు.

"ఏమైంది మీకు?" అంది ఇన్సాఫ్.

"ఏమైంది మీకు?" అంది తలుపు.

ఆమె ఆగిపోయింది. అంతే, ఇప్పుడు వెనక్కి తిరుగుతుంది అనుకుని వగ్దీ కళ్లు మూసుకున్నాడు. ఇన్సాఫ్ తన ఫోన్ వంక చూసి, దాన్ని కట్టేసింది. లోపల గుండె మళ్లీ కొట్టుకుంది. "నేను నీ కాలేయాన్ని..."

"ఇది నేను రైల్లో విన్నదే!" ఇన్సాఫ్ పకపకా నవ్వింది. "స్పీకర్ లోపల, ఫోన్ నీ చేతిలో. ఏం మనిషివి అన్నయ్యా! నువ్వు కూడా ఇది వింటావా?"

"రోజూ. తినేటప్పుడు ఇంట్లో ఒక గొంతు ఉంటుందని."

ఇన్సాఫ్ నవ్వు ఆగింది. "నేనూ అందుకే," అంది. పెట్టె హ్యాండిల్ పట్టుకుని కింది మెట్ల వైపు తిరిగింది.

"వెళ్లిపోతున్నావా?" అన్నాడు వగ్దీ.

"పైన జిన్నులు లేవు, నువ్వూ లేవు. నాకు కింద, నీ ఇంట్లోనే పక్క వెయ్యి. ములూఖియ్యా వాసన వస్తోంది, నడు."

ఆ ములూఖియ్యా అమ్మ చేసినట్టు కుదిరిందని ఇన్సాఫ్ రెండుసార్లు వడ్డించుకుంది. వగ్దీ రెండు పళ్లేలు కడిగాడు. మర్నాటి కార్యక్రమం మూత్రపిండాల మీదని తెలిసి, ఇద్రీస్ సెలవు అడిగాడు.