పిల్లలు లేని పిల్లల క్లినిక్

పుణేలోని ఆ లా కాలేజీ వారి బాలల హక్కుల క్లినిక్‌లో బాలలే లేరన్న భయంకర రహస్యం, కేతకి అందులో చేరిన రోజే బయటపడింది!

కంగారు పడకండి. అంతకు మించిన అదృష్టం ఉందా? పిల్లలంటే ఏమిటి? ముక్కు చీదుతారు, బిస్కెట్లు అడుగుతారు, అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబిస్తారు. అలాంటివాళ్ళను ఎదురుగా పెట్టుకుని కుటుంబ న్యాయం నేర్చుకోవడం అయ్యే పనేనా?

అందుకే క్లినిక్ నడిపే లిమయే మేడమ్ పిల్లల వేషం మల్హార్ బోడస్‌కి ఇచ్చారు. ఆఖరి సంవత్సరం, ఆరడుగుల ఎత్తు, గుబురు గడ్డం.

"నీకు ఐదేళ్ళు రా, గడ్డం సంగతి మర్చిపో" అన్నారు.

మర్చిపోయాడు! కేతకి "మీ నాన్న, మీ బాబా అంటే ఇష్టమేనా, బాళా?" అనగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని గడగడా చెప్పేసేవాడు. ఏ పిల్లయినా అంత సహకరిస్తుందా? క్లాసంతా చప్పట్లు!

ఇంత సవ్యంగా సాగుతుంటే, ఫ్యామిలీ కోర్టు ఒక అసలు పిల్లను పంపి చెడగొట్టింది. పేరు ఓవి. ఐదేళ్ళది. అమ్మానాన్నలు విడిగా ఉంటున్నారు. ఆదివారాలు తండ్రి దగ్గరికి పంపవచ్చా లేదా, పాప మనసు కనుక్కుని చెప్పమన్నారు జడ్జి గారు.

ఓవి నేరుగా బల్లకింద దూరింది.

"అగ ఓవీ, బయటికి రావే!" పిలిచింది కేతకి.

"నువ్వే లోపలికి రా."

చూశారా పొగరు! నల్లకోటు ఇస్త్రీ ఏం కావాలి? కేతకి బల్లకింద దూరలేదు, పాప బయటికి రాలేదు.

అయినా కోర్టులో కేతకి తడుముకోలేదు. అంత సాధన ఊరికే పోతుందా?

"తండ్రిని చూస్తే పాపకు వణుకు మేడమ్. ఇరవై తొమ్మిదో ఎక్కం తప్పితే చీకటి గదిలో పెట్టి గొళ్ళెం వేస్తాడు."

జడ్జి గారి కలం కదిలింది. ఆదివారాలు రద్దు కాబోతున్నాయి.

"మేడమ్..." తండ్రి చేతులు జోడించాడు. "దానికింకా వేళ్ళ మీద పది దాకానే వచ్చండీ."

కలం ఆగింది. "మరి నీకీ మాట ఎవరు చెప్పారమ్మా?"

కేతకి వెనక్కి తిరిగి చూసింది. వెనక వరసలో గడ్డం మనిషి లేచాడు.

"నేనే మేడమ్. ఆ ఎక్కం నాది. ఆ గది మా ఇంట్లోది. అప్పట్లో నన్నెవరూ అడగలేదు. క్లాసులో కేతకి అడిగితే చెప్పేశాను. నటన అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. దాన్ని ఈ పిల్ల బాబా మీద వేయకండి. ఓవి ఏమంటుందో ఇక్కడ ఎవరికీ తెలీదు మేడమ్."