కింద ఎఫ్‌ఎఫ్‌పీ2, పైన చలపతి

మాగ్డెబర్గ్ తెలుగు సమాఖ్య అధ్యక్షులు చలపతి గారు 2021 జూలై మొదటి వారంలో వాట్సాప్ గ్రూపులో ఒక చారిత్రక ప్రకటన చేశారు. "యూరప్ గడ్డ మీద మొట్టమొదటి తెలుగు బేస్‌బాల్ దినోత్సవం. జరుపుతున్నది మనం. తరలి రండి. బిర్యానీ ఉచితం." ప్రకటన మొత్తంలో జనం చదివింది చివరి రెండు మాటలే. చలపతి గారు దాన్ని బేస్‌బాల్ మీద అభిమానంగా లెక్కవేసుకున్నారు.

ఆయనకు మాత్రం బేస్‌బాల్ అంటే ప్రాణం. ఎప్పటినుంచీ అంటే, మంగళవారం నుంచి. సోమవారం నాడు హైదరాబాదు నుంచి పార్టీ ప్రవాస విభాగం ఇన్‌చార్జి రవీంద్రనాథ్ గారు ఫోన్ చేశారు.

"చలపతి గారూ, జర్మనీ కన్వీనర్ పోస్టుకి ఇద్దరున్నారు. మీరూ, మీ ఊళ్లోనే ఉన్న వెంకటేశ్వర రావు గారూ. మిమ్మల్నిద్దరినీ నేను చూసిందీ లేదు, చూసే తీరికా లేదు. తెల్లవాళ్లు సన్మానం చేస్తున్న ఫోటో ఒకటి పంపండి. ఎవరిది బాగుంటే వారికే."

"శాలువాతోనా సార్?"

"శాలువా లేకపోతే దాన్ని సన్మానం అంటారటండీ?"

కన్వీనర్‌కి జీతం ఉండదు, ఆఫీసు ఉండదు, పని అసలే ఉండదు. లెటర్‌హెడ్ ఉంటుంది. పగలు సాఫ్ట్‌వేరూ సాయంత్రం ప్రజాసేవా చేసుకుంటూ చలపతి గారు పదేళ్లుగా ఆ లెటర్‌హెడ్ కోసమే తపస్సు చేస్తున్నారు. అవతల తెనాలిలో ఆయన తోడల్లుడు పట్టణ ఉపాధ్యక్షుడైపోయి నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ మీద పళ్లికిలిస్తున్నాడు. ఆ పళ్లు చలపతి గారికి మాగ్డెబర్గ్ దాకా కనిపిస్తున్నాయి. పాపం, మనిషికి నిద్ర ఎలా పడుతుంది?

అయితే కరోనా రోజులు. జర్మన్లు చేయి కలపడమే మానేశారు, ఇక శాలువా కప్పడానికి ఎవరొస్తారు? వెతగ్గా వెతగ్గా ఎల్బె కొంగలు అనే బేస్‌బాల్ క్లబ్బు దొరికింది. రెండేళ్లుగా ఒక్క మ్యాచీ గెలవని జట్టు. దాని అధ్యక్షుడు హెర్ క్రాబె చాలా నిజాయితీపరుడు.

"పోయిన మ్యాచికి పద్నాలుగు మంది వచ్చారు. అందులో రెండు కుక్కలు," అన్నాడాయన. "అమెరికాలో అయితే ప్రమోషన్ డే పెడతారు. టోపీలు పంచుతారు, బొమ్మలు పంచుతారు. మేమూ ఒకసారి ఉచిత సాసేజ్ డే పెట్టాం. కుక్కలు నాలుగయ్యాయి."

"నేను మూడు వందల మందిని తెస్తాను. అందరూ మనుషులే," అన్నారు చలపతి గారు. "మీరు మీ నగర కౌన్సిలర్‌ని పిలిచి నాకొక శాలువా కప్పించండి."

"శాలువా ఎందుకు? ఎండాకాలం కదా?"

"చలికి కాదు హెర్ క్రాబె. గౌరవానికి."

ఒప్పందం కుదిరింది. ఇక పంచేది ఏమిటన్నది ప్రశ్న. టోపీ పంచితే నెత్తిమీద పెట్టుకుని మర్చిపోతారు. కరోనా కాలంలో జనం ముఖం మీద ఉండేది ఒక్కటే అని చలపతి గారికి స్ఫురించింది. మాస్కు! దాని మీద ముక్కు కింద నుంచి గడ్డం దాకా ఆయన ముఖం అచ్చువేయాలి. గుబురు మీసం, కింద చిరునవ్వు. ఫోటో 2009 నాటిది. అసలు మీసం ఇప్పుడు లేదు. మొదటి లాక్‌డౌన్‌లో ఏషియన్ షాపులో రంగు అయిపోతే, తెల్ల మీసంతో ప్రజల్లోకి వెళ్లడం ఇష్టంలేక ఆయనే తీసేశారు.

"ఉన్న ముఖం వేయించుకోవచ్చు కదండీ," అంది భార్య బాలామణి.

"నాయకుడి ముఖం ఎలా ఉందన్నది కాదు బాలామణీ, జనానికి ఎలా గుర్తుండాలన్నది ముఖ్యం."

నాలుగో తరగతి చదువుతున్న కూతురు ఈషా నమూనా మాస్కుని అటూ ఇటూ తిప్పి చూసింది. "పాపా, దస్ ఇస్ట్ కైనే ఎఫ్‌ఎఫ్‌పీ2," అంది. ఇది గుడ్డ మాస్కు, జర్మన్లు అడిగే ఎన్95 రకం కాదు, ఇక్కడ చెల్లదు పొమ్మని దాని తాత్పర్యం.

ఇంకొకరైతే బెంబేలెత్తిపోయేవారే. చలపతి గారు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని ఒక నినాదంతో తెరిచారు. "కింద ఎఫ్‌ఎఫ్‌పీ2, పైన చలపతి!" ఆ సాయంత్రమే గ్రూపులో ఇంకో ప్రకటన వెలువడింది. చలపతి మాస్కే టికెట్టు. మాస్కు మూతి మీద ఉన్నవాళ్లకే బిర్యానీ.

ఆదివారం మధ్యాహ్నానికి మైదానం కిటకిటలాడింది. మాస్కులు పంచే బాధ్యత సమాఖ్య కార్యదర్శి శశికాంత్‌ది. మాస్టర్స్ చదివే కరీంనగర్ కుర్రాడు.

"అన్నా, మాస్కులు ఖతం. మూడు వందల పన్నెండు కొట్టిస్తే ఒక్కటి మిగల్లే. బిర్యానీ అనంగనే లైప్‌జిగ్ కెళ్లి గూడ పోరగాళ్లు దిగిన్రు."

"నాకొకటి ఉంచావా?"

"మీకెందుకన్నా? మీకు ముఖమే ఉన్నది గదా."

ఆ తర్కం చలపతి గారికి ఎంతో నచ్చింది. స్టాండ్ వైపు తిరిగి చూశారు. అబ్బ! మూడు వందల పన్నెండు చలపతులు. చీరల్లో చలపతులు, జీన్స్‌లో చలపతులు, తోపుడు బండిలో పాలసీసా కోసం ఏడుస్తున్న బుల్లి చలపతి. ఎవరు విసుక్కుంటున్నా ముఖం నవ్వుతూనే ఉంది. ఇంత మెజారిటీ ఏ నాయకుడికి వచ్చింది? ఆయన కళ్లు చెమర్చాయి. ముందు వరసలో ఊదారంగు పట్టు లాల్చీ వేసుకుని ప్రత్యర్థి వెంకటేశ్వర రావు గారు కూర్చున్నారు. ఆయన మూతి మీదా చలపతి గారే.

"రాజకీయం రాజకీయమే, బిర్యానీ బిర్యానీయే," అన్నారాయన మాస్కు లోపలినుంచి.

ముందుగా కొబ్బరికాయ. ఏ పనైనా టెంకాయ కొట్టకుండా మొదలుపెట్టే అలవాటు మనకు లేదు కదా. బ్యాటరు నిలబడే చోట నేలలో పరిచి ఉండే హోమ్ ప్లేటు రాయిలా తెల్లగా కనిపించింది. చలపతి గారు దాని మీద దేవుణ్ణి తలుచుకుని బలంగా కొట్టారు. బేస్‌బాల్‌లో ప్లేటు రబ్బరుతో చేస్తారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాయ ఎగిరి, దొర్లుకుంటూ మొదటి బేసు దాకా వెళ్లింది. అంపైరు అలవాటు కొద్దీ అవుట్ కాలేదన్నట్టు రెండు చేతులూ చాచి "సేఫ్!" అన్నాడు. రెండోసారీ అంతే. మూడోసారి హెర్ క్రాబె జాలిపడి జట్టులో అందరికంటే బలమైనవాణ్ణి బ్యాటుతో పిలిచాడు. ఈసారి కాయ పగిలింది. నీళ్లన్నీ వెళ్లి నగర కౌన్సిలర్ ఫ్రావ్ బ్రాండెల్ కొత్త గౌను మీద పడ్డాయి.

"తీర్థం మేడమ్, చాలా శుభం," అన్నారు చలపతి గారు.

సరిగ్గా అప్పుడే ఆర్డ్‌నుంగ్స్‌ఆమ్ట్ అధికారిణి గేటు దాటి లోపలికి వచ్చింది. కరోనా నిబంధనలు చూసే మనిషి. వరసలన్నీ తిరిగింది, ఒక్కొక్క చలపతినీ పక్కనుంచి చూసింది, కింద ఎఫ్‌ఎఫ్‌పీ2 ఉందని నిర్ధారించుకుంది. ఆటగాళ్లను వదిలేస్తే మొత్తం మైదానంలో మాస్కు లేనివాడు ఒక్కడే దొరికాడు.

"మాస్కు?"

"నేను చలపతిని."

"అది మాస్కు కాదు."

"ఆ మాస్కులన్నిటి మీదా ఉన్నది నేనేనండీ!"

ఆమె స్టాండ్ వైపు చూసింది. ఈయన వైపు చూసింది. "ఆయనకు మీసం ఉంది," అంది.

"ఆయనే నేను!"

"మీకు లేదు."

బాలామణి హ్యాండ్‌బ్యాగులోంచి ఎఫ్‌ఎఫ్‌పీ2 తీసి పరుగున వచ్చింది. "పెట్టేసుకోండి, గొడవెందుకు?"

"ఫోటోలో నా ముఖం కనపడొద్దటే? అసలే మీసం లేదు, మూతి కూడా లేకపోతే ఎవరనుకుంటారు?" అని కసిరి, చలపతి గారు అధికారిణి వైపు తిరిగి అనకూడని మాట అన్నారు. "నేనెవరో తెలుసా మీకు?"

మన దగ్గర ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. జర్మనీలో ఉంటుంది. "తెలియదు," అంది ఆమె, బయటికి దారి చూపిస్తూ. "ఈ రోజుకి మళ్లీ లోపలికి రాకూడదు."

ఆ విధంగా చలపతి గారు చరిత్రాత్మక సభను ఇనుప కంచె అవతలినుంచి తిలకించే భాగ్యానికి నోచుకున్నారు. లోపల మైకులో హెర్ క్రాబె గొంతు ఖంగుమంది. "ఇప్పుడు సన్మానం! హెర్ చలపతి, దయచేసి ముందుకు రండి!"

"ఇక్కడ! ఇక్కడున్నా!" అని చలపతి గారు కంచె పట్టుకుని ఊపారు.

ఫ్రావ్ బ్రాండెల్ శాలువా పట్టుకుని చుట్టూ చూసింది. ఎటు చూసినా చలపతి. గౌను ఇంకా తడిగానే ఉంది, ఆమెకు ఇంటికి వెళ్లాలని ఉంది. ముందు వరసలో పట్టు లాల్చీ మెరిసింది. నేరుగా వెళ్లి వెంకటేశ్వర రావు గారి చేయి పట్టుకుని లేవదీసింది. నేను కాదని చెప్పడానికి ఆయన నోరు తెరిచారట, తర్వాత చాలామందితో ఒట్టేసి చెప్పారు. తెరిచినట్టు ఎవరికీ కనిపించలేదు. పైన చలపతి గారు నవ్వుతూనే ఉన్నారు. శాలువా భుజం మీద పడగానే ఆ నోరు మూసుకుంది కూడా.

"శశీ! ఫోటో తీయకురా! అది నేను కాదురా!"

"మస్తుగొచ్చిన్రన్నా!" అని శశికాంత్ ఫోనులోంచి తల ఎత్తకుండా అరిచాడు.

చలపతి గారు కంచె పక్కనున్న ఒక విద్యార్థిని బతిమాలారు. "బాబూ, ఆ మాస్కు ఒక్కసారి ఇయ్యి నాయనా, నీ పుణ్యముంటుంది. పెట్టుకుంటే నన్ను పోల్చుకుంటారు."

"బిర్యానీ తీసుకున్నాక ఇస్తానంకుల్. రైతా కూడా ఉందంట."

తర్వాత ఆట మొదలైంది. బంతి విసిరే ప్రత్యర్థి కుర్రాడికి ఎదురుగా, బ్యాటరు వెనక, ఒకే మీసంతో ఒకేలా నవ్వుతున్న మూడు వందల ముఖాలు. వాడు మొదటి బంతికి నవ్వు ఆపుకున్నాడు. రెండో బంతి ఆకాశంలోకి విసిరాడు. మూడో బంతికి నేల మీద కూర్చుని పొట్ట పట్టుకున్నాడు. ఎల్బె కొంగలు ఇరవై ఒకటి, సున్నాతో గెలిచారు. హెర్ క్రాబె ఏడ్చేశాడు. ప్రత్యర్థి జట్టు ఫిర్యాదు చేయడంతో ఆ గెలుపు గురువారానికల్లా రద్దయింది, అది వేరే విషయం.

ఆ రాత్రి చలపతి గారు అన్నం ముట్టలేదు. తెల్లారాక ఫోటోని ఇంకోసారి చూసుకున్నారు. తెల్ల దొరసాని, శాలువా, మీసం. ఎంత చూసినా అందులో ఉన్నది తనే. "ముఖం నాదే కదా," అనుకుని హైదరాబాదుకి పంపేశారు. అటు వెంకటేశ్వర రావు గారు కూడా "భుజం నాదే కదా" అనుకుని అదే ఫోటో పంపారు.

రవీంద్రనాథ్ గారు తీర్పు చెప్పడానికి అరనిమిషం పట్టింది. "ఇద్దరూ ఒకే ఫోటో పంపారు. చలపతి గారి వాట్సాప్ ఫోటోలోనూ ఇదే మీసం, ఇందులో ఉన్నది ఆయనేనని గుడ్డివాడైనా చెబుతాడు. కన్వీనర్ చలపతి గారే. ఆదివారం జూమ్‌లో ప్రమాణం." తెనాలి నుంచి తోడల్లుడు ఫోన్ చేసి మరీ అభినందించాడు. గొంతులో ఏడుపు స్పష్టంగా వినిపించింది. చలపతి గారు ఆ కాల్ రికార్డు చేసుకుని బాలామణికి రెండుసార్లు వినిపించారు.

ఆదివారం సూటు వేసుకుని, బొట్టు పెట్టుకుని, ఈషా స్కూలు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. తెర మీద ఆయన గడిలో "ఈషా, క్లాసె 4బి" అని పేరు పడింది. మార్చడం ఆయనకు చేతకాలేదు, ఈషా ఆటకు పోయింది. పక్క గడిలో "చలపతి, జర్మనీ" అనే పేరుతో గుబురు మీసం ఒకటి ట్రాములో ఊగుతూ నవ్వుతోంది. భుజం మీద శాలువా.

"చలపతి గారూ, ఆ శాలువా మీకు భలే అమిరిందండీ!" అన్నారు రవీంద్రనాథ్ గారు ఆ గడితో.

"ట్రాములో ఉన్నా సార్, మాస్కు తీస్తే జరిమానా. ఏమీ అనుకోకండి," అంది మీసం.

"నిబంధన అంటే నిబంధనే. అదీ నాయకత్వం! కానివ్వండి."

"చలపతి అను నేను, పార్టీ ఆశయాలకు..."

"సార్! సార్! నేనండీ చలపతిని!" అని ఈషా గడిలోంచి కేక వచ్చింది.

రవీంద్రనాథ్ గారు కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వచ్చారు. ఈ గడి చూశారు, ఆ గడి చూశారు. "ఆయనకు మీసం ఉందండీ," అన్నారు. "ఇంతకీ మీరెవరు?"

చలపతి గారు నోరు తెరిచేలోపే పక్క గడి దయతో జవాబిచ్చింది. "మనవాడే సార్. మంచి కార్యకర్త. పేరు వెంకటేశ్వర రావు."

"ఓహో, రెండో అభ్యర్థి మీరేనా! సంతోషం. కష్టపడ్డవాళ్లని పార్టీ మర్చిపోదు. వెంకటేశ్వర రావు గారూ, మిమ్మల్ని కో-కన్వీనర్‌గా తీసుకుంటున్నాం. మీకూ లెటర్‌హెడ్ ఉంటుంది. సమ్మతమేనా?"

గుమ్మంలో బాలామణి గరిటె పట్టుకుని నిలబడిపోయింది. చలపతి గారు ఆమె వైపు చూడలేదు. గొంతు సవరించుకున్నారు, టై సర్దుకున్నారు, కుడిచేయి ముందుకు చాచారు.

"వెంకటేశ్వర రావు అను నేను..."