సెక్రటరీ గేటు ముందు ట్రాక్టరు

ఎండ ముదరకముందే జంషెడ్‌పూర్ కాలనీ పార్కులో గడ్డి కోసేసి గదికి పోదామని అసిరయ్య ఆ ఉదయం అనుకున్నాడు. గదికి పోయి చేసేదేమీ లేదు. పెళ్ళాం నూకమ్మ పోయాక ఆ బిర్సానగర్ గదిలో అతను దగ్గితే, ఆ దగ్గు అతనికే కొత్తగా వినిపిస్తోంది.

గడ్డి కోసే చిన్న ట్రాక్టరుకి అసలైన గేరాయిలు ఖరీదెక్కువని, కాలనీ సెక్రటరీ ఉమామహేశ్వర్ జుగ్సలాయి బజారు నుంచి చవక విడి ఆయిలు డబ్బా తెప్పించాడు. ఆయన రిటైరైన ఇంజినీరు.

"ఆయిలు ఏదైనా ఆయిలే కదయ్యా."

"అవున్ బాబూ" అన్నాడు అసిరయ్య. అంతకు మించి మాట్లాడే అలవాటు తప్పిపోయింది.

చల్లగా ఉన్నంతసేపు ట్రాక్టరు బాగానే నడిచింది. వేడెక్కేసరికి ఆయిలు నీళ్ళలా పలచబడింది. ఇంజను అరుస్తోంది గానీ చక్రాలు కదలవు. బండి సరిగ్గా సెక్రటరీ గేటుకి అడ్డంగా ఆగింది. అది చల్లారేదాకా కూర్చుందామని అసిరయ్య అక్కడే తువ్వాలు పరిచాడు.

ఆ ఊళ్ళో గేటు ముందు మనిషి నేలమీద కూర్చుంటే కారణం అడగరు. ధర్నా అనుకుంటారు.

నీళ్ళ పంపు నడిపే పైడిబాబు సైకిలు దిగాడు. "ఏటి మావా, కూకుండిపోయావు? నాకో మాట సెప్పొద్దేటి?"

"బండి కదల్నేదురా."

"కదలకూడదు! కదిలితే మన పరువు పోద్ది" అంటూ పక్కనే చతికిలబడ్డాడు.

రోడ్డూడ్చే సోనీ చీపురు గోడకి ఆనించింది. "హమ్ భీ బైఠేంగే, చాచా" అంటూ తనూ కూర్చుంది. తర్వాత మాలీలొచ్చారు, వాచ్‌మెన్లొచ్చారు. ఎవరో మరమరాలు, పచ్చిమిరపకాయలు తెచ్చారు. "మీదేవూరు మావా?" అని అడిగారు. ఆ మాట అతన్ని ఎవరూ అడిగి చాలా కాలమైంది.

నిజం చెప్పేద్దామని అసిరయ్య నోరు తెరిచాడు. చెబితే అందరూ లేచిపోతారు. తెరిచిన నోట్లో మరమరాలు పోసుకున్నాడు.

ఉమామహేశ్వర్ కంగారుగా బయటికొచ్చాడు. "ఏంటయ్యా ఇది? రెయిన్‌కోట్లు ఇప్పించమంటారా?"

అసిరయ్య నములుతున్నాడు.

"సరే, ఆదివారం సెలవు!"

ఇంకా నములుతున్నాడు.

"మావోడు లొంగడు బాబూ" అన్నాడు పైడిబాబు గర్వంగా.

"అసలు నీకేం కావాలయ్యా?"

అసిరయ్య మింగాడు. "మంచి ఆయిలు బాబూ. బండికి."

అందరూ చప్పట్లు కొట్టారు. ఉమామహేశ్వర్ ఊపిరి పీల్చుకుని లోపలికెళ్ళి టీ పెట్టాడు. ఇంట్లో మరో మనిషి లేడు. పంచదార వెయ్యడం మరిచిపోయాడు. అయినా అందరూ తాగారు. ఆయన కుర్చీ తెచ్చుకున్నాడు, కాసేపటికి కుర్చీ వదిలి మెట్టు మీదికి దిగాడు, సాయంత్రానికి మరమరాల పొట్లం ఆయన చేతిలోనే ఉంది. ట్రాక్టరు ఎప్పుడో చల్లారింది. ఆ సంగతి అసిరయ్య ఎవరికీ చెప్పలేదు.

మర్నాడే మంచి ఆయిలు వచ్చింది. ట్రాక్టరు ఎక్కడా ఆగడం లేదు. పైడిబాబు సైకిలు మీంచే చెయ్యూపి పోతున్నాడు. సోనీ చెవుల్లో పాటలు పెట్టుకుని ఊడుస్తోంది. ఒకరోజు అసిరయ్య ఎవరితోనూ మాటలేకుండా గడ్డి కోసుకుంటూ సెక్రటరీ గేటు దాటబోయాడు. గేటు దగ్గర ఉమామహేశ్వర్ రెండు టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాడు.

"ఈమధ్య ఆగట్లేదేం?"

"బండి బాగుంది బాబూ."

ఆయన అటూఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ జుగ్సలాయి ఆయిలు ఏమన్నా మిగిలిందా?"

డబ్బా అసిరయ్య సీటు కిందే ఉంది.