గవరయ్య సొంత ఆల్బం

ఒకానొక పెద్ద అడవిలో పులికీ జింకకీ ఒక్క విషయంలోనే రాజీ ఉండేది. వానమబ్బు మేళం పాడుతున్నంతసేపూ ఎవరూ ఎవర్నీ తినకూడదు. పాట అయిపోయాక ఎవరి అదృష్టం వాళ్ళది. అందుకే కచేరీ ముగిసే వేళకి జింకలన్నీ లేచి, ఇంకో పాట, ఇంకో పాట అని బతిమాలేవి. మేళానికి అంతమంది అభిమానులుండడానికి సగం కారణం అదే.

మేళంలో నలుగురు. గోరింక మాణిక్యాంబ పాడేది. కొండముచ్చు పైడిరాజు బోలు మాను మీద దరువేసేవాడు. బోదురుకప్ప అప్పలస్వామి పొట్ట ఉబ్బించి కింది స్వరం అందుకునేవాడు. నాలుగోవాడు ముళ్ళపంది గవరయ్య. వెనక నిలబడి ఒంటి మీది ముళ్ళు గలగలలాడించి తాళం వేసేవాడు. వెనకే ఎందుకంటే, పక్కన నిలబెట్టుకుంటే గుచ్చుకుంటాడని.

కచేరీ మొదలయ్యే ముందు కాకి కొమ్మ మీద కూర్చుని ప్రకటించేది. "ఇప్పుడు మాణిక్యాంబ, పైడిరాజు, అప్పలస్వామి తదితరులు మిమ్మల్ని అలరిస్తారు."

తదితరులు అన్నమాట బహువచనమే గానీ, ఆ బహువచనంలో ఉన్నది గవరయ్య ఒక్కడే.

గవరయ్య దాన్ని ఏనాడూ పట్టించుకోలేదు. పులిగారింట్లో బారసాలకి మాత్రం పెళ్ళాం నూకాలునీ, కూతురు పాపనీ వెంటబెట్టుకుని వెళ్ళాడు. కాకి ఎప్పటిలాగే ప్రకటించింది. కచేరీ అయ్యాక ఇంటికి నడుస్తుంటే పాప అడిగింది.

"నాన్నా, తదితరులంటే ఎవరు?"

"నేనేనమ్మా."

"మరి నీ పేరు గవరయ్య అని అమ్మ చెప్పిందే?"

గవరయ్య నడక పెంచాడు. నూకాలు ఏమీ అనలేదు గానీ, ఆవిడ మాట్లాడకపోవడంలో చాలా మాటలున్నాయి.

మర్నాడే గవరయ్య నక్క నరసింగం దగ్గరికి వెళ్ళాడు. నరసింగం మేళానికి మేనేజరు. కళాకారుల బాగోగులు చూసుకోవడం అతని వృత్తి. ఏ కళా అబ్బనివాళ్ళకి ఆ వృత్తి భలే అచ్చొస్తుంది.

"నా దగ్గర ఒక పాటుంది. నేనే కట్టుకున్నాను, నేనే పాడుకుంటాను. నా పేరుతో సొంత ఆల్బం బయటికి రావాలి," అన్నాడు గవరయ్య.

ఆ పాట అతను పాప పుట్టినప్పుడు కట్టుకున్నది. అందరు నాన్నలూ పిల్లల్ని ఎత్తుకుని తిప్పుతారు, వీపు మీద ఆడిస్తారు. ముళ్ళపందికి ఆ భాగ్యం లేదు. పిల్ల ఏడుస్తుంటే ఎదురుగా కూర్చుని ఈ పాట పాడేవాడు.

ఎత్తుకోలేను తల్లీ, ఎదురుగా కూర్చుంటా
ముక్కుకి ముక్కానించి ముద్దిచ్చుకుంటా
ఒళ్ళంతా ముళ్ళే గానీ ఊపిరి మెత్తన
ఊపిరి మీదే నిన్ను ఊయలూపనా

నరసింగం పాట వినలేదు. సొంత ఆల్బం అన్నమాట వినగానే అతని చెవులు నిలబడ్డాయి.

"సోలో ఆల్బమా? మంచి ఆలోచన గవరయ్యా. ఈ ఏడు కళామండలి వాళ్ళ ఏకాకి పురస్కారం నీదే అనుకో."

ఏకాకి పురస్కారం ఆ అడవిలో అన్నిటికన్నా పెద్దది. ఎవరి సాయమూ లేకుండా ఒంటరిగా సృష్టించినవాళ్ళకే ఇస్తారు. పేరులోనే కాకి ఉన్నా ఇంతవరకూ ఏ కాకికీ ఇవ్వలేదని కాకుల సంఘం ఏటా ధర్నా చేస్తుంది, అది వేరే సంగతి.

ఆ అడవిలో ఆల్బం అంటే ఇలా ఉండేది. కొండ దగ్గర ఒక గుహ ఉంది. లోపల మాట గుండ్రంగా, నిండుగా మోగుతుంది. అక్కడ పాడుతుంటే చిలకల గుంపు కూర్చుని విని కంఠస్థం చేస్తుంది. తర్వాత ఒక్కో చిలకా ఒక్కో చెట్టు మీద వాలి ఆ పాటల్ని విన్నది విన్నట్టు అప్పజెబుతుంది. ముందుగా ఆల్బం ఎవరిదో పేరు చెబుతుంది. ఆ చెప్పే పేరు తనదైతే చాలనుకున్నాడు గవరయ్య.

మొదటిరోజు ఒక్కడే గుహలో నిలబడి పాడాడు. నరసింగం కళ్ళు మూసుకుని విన్నాడు. తెరిచాక అన్నాడు.

"బాగుంది. బాగుంది గానీ, పలచగా ఉంది. ఎవరో చేటలో చింతగింజలు చెరుగుతున్నట్టుంది. కాస్త నిండుతనం రావాలి. మనవాళ్ళని ఒకసారి పిలుద్దామా?"

"సోలో అన్నావు కదా నరసింగం?"

"సోలోయే. వాళ్ళు నీ వెనక ఉంటారు. ఇన్నాళ్ళూ నువ్వు వాళ్ళ వెనక లేవూ?"

ఆ మాట గవరయ్యకి తీయగా తగిలింది. తనే వెళ్ళి ముగ్గుర్నీ పిలిచాడు. పాత స్నేహితులు, కాదంటారా? పైడిరాజు కొమ్మ మీదనుంచి దూకి, కౌగిలించుకోబోయి, ముళ్ళు గుర్తొచ్చి ఆగిపోయాడు.

"నీ ఆల్బమంటే మా ఆల్బం కాదా బావా? మేమున్నాం, నువ్వు నిశ్చింతగా ఉండు," అన్నాడు.

నిశ్చింతగా ఉండమన్నారంటే, తర్వాత సంగతులు మనకి తెలియనివ్వరని అర్థం. గవరయ్యకి అప్పటికి తెలియదు.

ముగ్గురూ గుహలోకి వచ్చారు. పాట విన్నారు.  మాణిక్యాంబ రెక్కతో కళ్ళు ఒత్తుకుంది.

"ఎంత బాగుంది గవరన్నా. మనసు కరిగిపోయింది. కానీ ఆ ఎత్తుగడ నా గొంతులో అయితే ఇంకా పండుతుంది. ఒక్క మొదటి ముక్క నేనందుకుంటా, అంతే."

"ఒక్క ముక్కే కదా," అన్నాడు గవరయ్య.

పైడిరాజు మాను మీద వేళ్ళతో తడుతూ, "బావా, ఇంత నెమ్మదిగా ఉంటే జనం ఆవలిస్తారు. నేను కొంచెం దరువేస్తా. నడక అదే, పరుగు మాత్రమే పెరుగుతుంది," అన్నాడు.

అప్పలస్వామి అందరిలోకీ పెద్దవాడు. "ఒరే గవరయ్యా, ఊపిరి మెత్తన అన్నావు బాగుంది. ఆ చోట నేను గట్టిగా బెకమంటే మెత్తదనం ఇంకా బాగా తెలుస్తుందిరా," అన్నాడు.

గవరయ్యకి ఏ ఒక్కమాటనీ కాదనడానికి కారణం దొరకలేదు. ఎవరు అడిగినా కొంచెమే అడిగారు. ప్రేమగానే అడిగారు. సాయంత్రానికి జోలపాట కాస్తా గెంతులేసే పాటైంది. చిలకలు తోకలు ఊపుతూ తాళం వేశాయి.

మర్నాడు మాణిక్యాంబ ఇంకో ఆరు పాటలు తెచ్చింది. ఒక్క పాటతో ఆల్బం అవుతుందా మరి? అన్నీ తను ఎప్పుడో మేళం కోసం కట్టి, ఎవరికీ నచ్చక మూల పడేసినవి. గవరయ్య పేరు మీదైతే ఫర్వాలేదనిపించింది ఆవిడకి. గవరయ్య వాటికి తాళం వేస్తుంటే మధ్యలో నరసింగం చెయ్యెత్తి ఆపాడు.

"గవరయ్యా, నీ ముళ్ళ చప్పుడు మాణిక్యాంబ గమకాలకి అడ్డొస్తోంది. ఈ ఒక్క పాటకీ కాస్త బయట కూర్చుంటావా?"

గవరయ్య బయట కూర్చున్నాడు. తర్వాతి పాటకి ఎవరూ లోపలికి పిలవలేదు. ఊరికే కూర్చోవడం బాగుండక, గొంతులు ఎండిపోతాయని తేనె కలిపిన నీళ్ళు ఆకుదొన్నెల్లో పోసి అందించాడు. మూడోరోజు జోలపాటని కూడా మళ్ళీ పాడించారు, అతని గొంతు తీసేసి. లోపల్నుంచి నవ్వులు వినబడుతుంటే గవరయ్య దొన్నెలు కడుక్కుంటూ ఉండిపోయాడు. అడుగుదామని లేచాడు. అంతలో పైడిరాజు గుమ్మంలోంచి తలపెట్టి, "బావా, నీ ఆల్బం అదిరిపోతోంది. దాహంగా ఉంది, ఇంకో దొన్నె ఉందా?" అన్నాడు. గవరయ్య దొన్నె నింపాడు.

ఇంటికెళ్ళి నూకాలుతో చెప్పాడు.

"నా పాటని నా దగ్గర్నుంచి తీసుకుని నా పేరే పెడుతున్నారే."

"పేరు పెడుతున్నారు కదా. పెట్టించుకోవడానికే కదా వెళ్ళావు," అంది నూకాలు. ఆవిడది దెప్పుడో ఓదార్పో అతనికి తేలలేదు.

ఆల్బం విడుదలైంది. చిలకలు చెట్టు చెట్టునా వాలి, 'ముళ్ళపంది గవరయ్య ఒక్కడే సమర్పించు' అని మొదలెట్టి మాణిక్యాంబ గొంతుతో పాడాయి. అడవి ఊగిపోయింది. కుందేళ్ళు కన్నాల్లో గెంతి నడుములు విరగ్గొట్టుకున్నాయి. విమర్శకుడైన గుడ్లగూబ పగలంతా నిద్రపోయి లేచి, 'ఇంత ఒంటరి గొంతు ఈ అడవి ఇదివరకు వినలేదు. ప్రతి స్వరంలోనూ గవరయ్య వీపు ముళ్ళు మనకి గుచ్చుకుంటాయి' అని తీర్మానించాడు. ఆ ఆల్బంలో గవరయ్య ముల్లు ఒక్కటీ లేదు.

దారిన పోయేవాళ్ళంతా గవరయ్యకి దండాలు పెట్టడం మొదలెట్టారు. మొదట అతను సిగ్గుపడ్డాడు. తర్వాత తల ఊపాడు. వారం గడిచేసరికి దండం పెట్టనివాళ్ళ మొహాలు గుర్తుపెట్టుకోవడం కూడా అలవాటైంది. పేరు అలాంటిది.

పాప మాత్రం ఆ పాట విని, "నాన్నా, ఇది మన పాట కాదు," అంది.

"మన పాటేనమ్మా, కొంచెం పెద్దదైంది."

"అయితే నాకు చిన్నదే పాడు."

కళామండలి ఏకాకి పురస్కారం ప్రకటించింది. సభకి అడవంతా వచ్చింది. అధ్యక్షుడు అడవిదున్న. పదవిలోకి వచ్చినప్పట్నుంచీ ఏ సభలోనూ నిలబడి మాట్లాడటమే గానీ కూర్చుని విన్నది లేదు. పూలదండ తెప్పించి, మెడలో వేయబోయే ముందు అన్నాడు.

"ఆనవాయితీ ప్రకారం విజేత ఒక్కడే ఒక పాట పాడాలి. సాయానికి ఎవరూ ఉండకూడదు."

నరసింగం ఈ ఆనవాయితీ సంగతి మరిచిపోయాడు. ముందు వరసలో కూర్చున్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాణిక్యాంబ నరసింగం చెవిలో, "గొంతు బాగోలేదని చెప్పించు," అంది.

గవరయ్య వేదిక ఎక్కాడు. ఎదురుగా ఇసకేస్తే రాలనంత జనం. తప్పించుకోవడానికి దారులు వెతికాడు, దొరకలేదు. జనంలో పాప కనబడింది. అంతే, కళ్ళు మూసుకుని ముళ్ళు మెల్లగా కదిలించి, ఇంట్లో పాడుకున్నట్టే పాడాడు. ఎత్తుకోలేను తల్లీ, ఎదురుగా కూర్చుంటా.

గొంతు గొప్పదేమీ కాదు. మధ్యలో ఒకచోట వణికింది కూడా. కానీ రెండో చరణానికి జింకపిల్ల తల్లి ఒళ్ళో తల వాల్చింది. తోడేలు పిల్లలు ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. పులిగారి పసిపిల్ల, పుట్టినప్పట్నుంచీ ఎవరికీ కునుకు పట్టనివ్వని పిల్ల, గుర్రుపెట్టింది. పాట అయ్యేసరికి సభలో పిల్లలంతా నిద్రలో ఉన్నారు. చాలామంది పెద్దవాళ్ళు కూడా. చప్పట్లు కొట్టేవాళ్ళే లేరు.

అధ్యక్షుడు దండ వెనక్కి తీసుకున్నాడు.

"సభని నిద్రపుచ్చిన గాయకుడికి పురస్కారం ఎలా ఇస్తాం?"

"అయ్యా, అది జోలపాటండి," అన్నాడు గవరయ్య.

"ఏ పాటైతేనేం? జనం మేలుకుని ఉండాలా వద్దా?"

మేలుకుని ఉన్న చిలకలు కూడా అడ్డం తిరిగాయి. "ఇతను గవరయ్య కాదు. గవరయ్య ఇలా పాడడు. గవరయ్యది ఆడగొంతు. మేం కదా కంఠస్థం చేసింది."

గవరయ్య గవరయ్యని అనుకరిస్తూ దొరికిపోయాడని గుడ్లగూబ అక్కడికక్కడే తేల్చేశాడు. ఆ మాటకి మాణిక్యాంబ లేచింది. స్నేహితుడిని కాపాడదామనే లేచింది, ఆ సంగతి ఆవిడే తర్వాత చాలామందికి చెప్పుకుంది.

"ఆల్బంలో గొంతు నాది," అంది.

"పరుగు నాది," అన్నాడు పైడిరాజు.

"బెకబెక నాది," అన్నాడు అప్పలస్వామి.

అడవిదున్నకి తల తిరిగింది. సభ్యులతో పక్కకెళ్ళి తర్జనభర్జన పడి వచ్చి తీర్పు చెప్పాడు.

"గవరయ్య ఒంటరిగా పాడాడు గానీ ఆల్బంలో లేడు. ఈ ముగ్గురూ ఆల్బంలో ఉన్నారు గానీ ఒంటరిగా లేరు. పాడకుండా, వాయించకుండా, ఎవరితోనూ శ్రుతి కలపకుండా మొదట్నుంచీ చివరిదాకా ఒంటరిగా ఉన్నది మేనేజరు నక్క నరసింగం ఒక్కడే. ఈ ఏటి ఏకాకి పురస్కారం అతనిదే."

నరసింగం వినయంగా మెడ వంచాడు. ఆనవాయితీ ప్రకారం ఒక ఊళ వేశాడు. నిద్రపోతున్నవాళ్ళంతా ఉలిక్కిపడి లేచారు. సభ మేలుకున్నందుకు అధ్యక్షుడు ఎంతో సంతోషించాడు.

గవరయ్య కూతుర్ని తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. దారిలో ఎవరూ దండం పెట్టలేదు. వచ్చిందనుకున్నది పోయినందుకు ఏడుపొస్తుందేమోనని చూసుకున్నాడు. రాలేదు. ఆకలి మాత్రం వేసింది.

మర్నాడు పొద్దున్నే గుమ్మంలో పులిగారి భార్య నిలబడి ఉంది. నూకాలు భయంతో పాపని లోపలికి నెట్టింది. ఆడపులి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఆకలితో కాదు.

"గవరయ్య గారూ, మా పిల్ల నిన్న నిద్రపోయింది. పుట్టాక అదే మొదటిసారి. నక్క ఊళకి లేచింది, మళ్ళీ పడుకోలేదు. సాయంత్రం ఒక్కసారి వచ్చి పాడతారా? మిమ్మల్ని మావాళ్ళెవరూ తినరు. తినలేరు కూడా."

అతన్ని గారూ అన్న మొదటి జంతువు ఆవిడే. సాయంత్రం వెళ్ళి పాడాడు. మరుసటిరోజు తోడేలు పిలిచింది, ఆ తర్వాత జింక. పొద్దువాలే వేళకి ఏదో ఒక ఇంటి ముందు గవరయ్య కూర్చుని పాడటం మామూలైంది. ఏ చిలకా ఆ పాటని కంఠస్థం చేయలేకపోయింది, ఆ వేళకి వింటూ వింటూ అవి కూడా నిద్రపోయేవి.

ఇక మేళం సంగతి. ముందు మాణిక్యాంబ వచ్చింది.

"గవరన్నా, నేను సోలో ఆల్బం చేస్తున్నాను. నువ్వు లేకపోతే తాళం ఎవరు వేస్తారు?"

ఆ వెనకే పైడిరాజు సోలో ఆల్బం, అప్పలస్వామి సోలో ఆల్బం, పురస్కారం అందుకున్న ఊపులో నరసింగం సోలో ఆల్బం. అన్నిట్లోనూ ఆ నలుగురే. గుహ అదే, చిలకలు అవే, ముందు చెప్పే పేరే వేరు. వానమబ్బు మేళానికి కచేరీ చేసే తీరికే లేకపోయింది. జింకలు బాగా చిక్కిపోయాయి, సంఖ్యలో.

గవరయ్య అందరి ఆల్బంలకీ వెళ్ళాడు, పాత స్నేహితులు కదా. వెనక నిలబడి ముళ్ళు గలగలలాడించాడు. నరసింగం ఆల్బంలో ఊళ సగంలో ఉండగా గుహ బయట ఎండ చల్లబడింది. గవరయ్య ఆగి బయటికి నడిచాడు.

"ఎక్కడికి గవరయ్యా? పాట మధ్యలో తాళం వదిలేసి పోతావా?" అన్నాడు నరసింగం.

"పిల్లలు పడుకునే వేళయింది. మిగతాది నువ్వు కానిచ్చేయి, ఎలాగూ సోలోయే కదా," అన్నాడు గవరయ్య.

ఇందులోంచి పిల్లలు నేర్చుకోవలసింది ఏమిటంటే: ఒంటరిగా పేరు తెచ్చుకోవాలంటే కనీసం నలుగురు కావాలి, ఏమీ చేయకుండా తెచ్చుకోవాలంటే ఒక్కడు చాలు.