చేసినవాళ్ళు లేచి నిల్చోండి

ఒక పెద్ద అడవిలో, జంతువులన్నీ నీళ్ళ కోసం తోసుకుంటూ తొక్కుకుంటూ వాగులో పడుతుంటే, కొన్ని మాత్రం పక్కన బుద్ధిగా లైన్ కట్టి నిలబడేవి. వాటి వంతు ఎప్పటికీ వచ్చేది కాదు. అయినా లైన్ తప్పేవి కావు. చూడగానే చెప్పేయొచ్చు, అదంతా కొంగ సిస్టర్ల బళ్ళో చదివిన బ్యాచ్ అని.

ఆ లైన్లో చిట్టచివర ఉండేవాడు ముళ్ళపంది లూర్దు. ముందొచ్చినా సరే చివరే. వెనకొచ్చిన ప్రతివాడికీ "మీరెళ్ళండి, పర్లేదు" అంటే ఇంకెక్కడుంటాడు మరి?

ఆ బడికి హెడ్ సిస్టర్ ఆగ్నేసమ్మ. మల్లెపువ్వు లాంటి తెల్లకొంగ. బెత్తం పట్టేది కాదు, అరిచేది కాదు. ఎవడైనా బెంచీ విరగ్గొట్టినా, పక్కోడి డబ్బా ఖాళీ చేసినా, క్లాసులోకొచ్చి ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుని ఒకే ఒక్క మాట అనేది.

"చేసినవాళ్ళు మీ అంతట మీరే లేచి నిల్చోండి. దేవుడు చూస్తున్నాడు."

అంతే. ఇంక కదలదు. బెల్లు కొట్టినా కదలదు. కొంగజపం అని బయటోళ్ళు నవ్వేవాళ్ళు గానీ, లోపల కూర్చున్నోళ్ళకి తెలుసు ఆ టార్చర్. కాసేపటికి ఏమీ చేయనివాడికి కూడా "కొంపదీసి నేనే చేశానా?" అని డౌటొచ్చేసేది.

ఆ డౌటు అందరికంటే ముందు లూర్దుకే వచ్చేది. వాడు లేవకముందే వాడి ముళ్ళు లేచి నిలబడేవి. ముళ్ళు లేచాక ఇంక దాచేదేముంది? వాడూ లేచేవాడు. పక్కన నక్క భద్రం తీరిగ్గా మూతి తుడుచుకునేవాడు.

పెద్దయ్యాక భద్రం సింహరాజు గారి దగ్గర చేరి, ఎండాకాలానికి తిండి దాచే కొట్టుకి ఆఫీసర్ అయిపోయాడు. తేనె, ఇప్పపువ్వు, ఎండుచేపలు, అన్నీ వాడి చేతికిందే. చేరగానే చేసిన మొదటి పని, లూర్దుని వెతుక్కుంటూ పోవడం.

"ఒరేయ్ లూర్దూ! మన బడి పిల్లోడివి. నీకు జాబ్ ఇవ్వకపోతే ఇంకెవడికిస్తాన్రా?"

లూర్దు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొట్టు కాపలా ఉద్యోగం. కడుపు నిండా దుంపలు. ఇంకేం కావాలి?

నెల తిరక్కుండానే ఒక తేనెకుండ ఖాళీ. రాజుగారు గర్జిస్తే చెట్ల మీద కాయలు రాలాయి.

"మహారాజా, దీనికి ఎంక్వైరీ ఎందుకండీ?" అన్నాడు భద్రం చేతులు నలుపుకుంటూ. "చేసినవాళ్ళు లేచి నిల్చోండి, దేవుడు చూస్తున్నాడు అనండి చాలు. అదే తేలిపోద్ది."

రాజుగారు అన్నారు. లూర్దు ముళ్ళు లేచాయి. వెనకే లూర్దు.

"నువ్వే తిన్నావా?"

"తినలేదు మహారాజా. కానీ మొన్న ఒకసారి గట్టిగా వాసన చూశా. మనసులో తిన్నట్టే కదండీ."

"మనసులో తింటే కుండ ఎలా ఖాళీ అవుద్దిరా?"

భద్రం మధ్యలో దూరాడు. "ఒప్పుకున్నాడు కదండీ! ఇంక డీటెయిల్స్ ఎందుకు?"

మొదటిసారి తిట్లతో పోయింది. రెండోసారి ఇప్పపువ్వు మాయమైతే, లూర్దుకి దుంపల్లో సగం కోత పడింది. "ఇంకోసారి జరిగితే నిన్నూ నీ కుటుంబాన్నీ ఏటవతలకి తోలేస్తా" అన్నారు రాజుగారు. ఏటవతలంటే ఉత్త బండరాళ్ళు. దుంపా లేదు, నీడా లేదు.

ఇంట్లో పెళ్ళాం సూరమ్మ తగులుకుంది. ఆవిడ ఏ బడికీ పోలేదు, అందుకే బుర్ర బానే పనిచేస్తది.

"నువ్వు తిన్నావా?"

"లేదే."

"మరెందుకు లేచావయ్యా?"

"ఎవరో ఒకరు లేవాలి కదా సూరమ్మా. అందరూ అలా కూర్చుంటే సిస్టర్‌కి కాలు నొప్పెడుతుంది."

"అక్కడ సిస్టర్ ఎవరయ్యా! అది సింహం! నాలుగు కాళ్ళ మీదుంది!" సూరమ్మ నెత్తి కొట్టుకుందామనుకుని, ముళ్ళు గుచ్చుకుంటాయని ఆగింది. "చూడు, ఈసారి లేచావో, పిల్లల్ని తీసుకుని మా అమ్మ బొరియకి పోతా. కూర్చో. అర్థమైందా? కూర్చోవడమే నీ పని."

అటు భద్రానికి కూడా అదే బెంగ. పెళ్ళాం మాట విని వీడు కూర్చుండిపోతే? అందుకని సేఫ్టీకి అదే బళ్ళోంచి ఫ్రెష్ బ్యాచ్‌ని దింపాడు. ఒక ఉడత, ఒక తాబేలు, ఒక కౌజుపిట్ట. ముగ్గురూ మెరికలు. పొద్దున్నే భద్రం రాగానే ముక్తకంఠంతో "గుడ్ మార్నింగ్ సార్" అని రాగం తీసేవాళ్ళు. ఇంక భయమేముంది? భద్రం ఈసారి ఎండుచేపల బుట్టంతా లాగించేశాడు.

మళ్ళీ సభ. మళ్ళీ అదే మాట. "చేసినవాళ్ళు లేచి నిల్చోండి!"

లూర్దు ముళ్ళు టపటపా లేచాయి. వాడు మాత్రం కూర్చున్నాడు. నేలలో గోళ్ళు దిగేసి, పళ్ళు బిగించి, సూరమ్మని తలుచుకుని కూర్చున్నాడు. చెమటలు పోస్తున్నాయి.

ఇంతలో ఉడత లేచింది. "నేను తలుపు సరిగ్గా వేయలేదేమో మహారాజా."

కౌజుపిట్ట లేచింది. "నాకు చేపలంటే అసహ్యం మహారాజా. దేవుడిచ్చిన తిండిని అసహ్యించుకోవడం తప్పు కదండీ."

తాబేలు కాస్త లేటుగా లేచింది. "పోయినవారం ప్రార్థనలో నిద్రపోయాను. దానికీ దీనికీ లింకుందేమోనని..."

చిన్నపిల్లలు. వీళ్ళని ఏటవతలకి తోలేస్తారు. లూర్దు ఇంక ఆగలేకపోయాడు. సూరమ్మా సారీ అనుకుని లేచాడు. "నన్ను పంపండి మహారాజా. పిల్లల్ని వదిలేయండి."

రాజుగారు జూలు గోక్కున్నారు. "ఏం గోలరా ఇది! నలుగుర్నీ తోలేయండి అవతలకి. ఈ కొంగల బడి వాసన ఇంక కొట్టు దరిదాపుల్లో ఉండకూడదు. రేపట్నుంచి కాపలా, తాళం, మొత్తం భద్రం ఒక్కడే చూసుకుంటాడు."

భద్రం ఛాతీ ఉబ్బింది. ఒక్కడే! మొత్తం వాడిదే!

తర్వాత మెల్లగా వెలిగింది. రేపు ఇంకో కుండ ఖాళీ అవుద్ది. తినకుండా తను ఆగలేడు, అది తనకీ తెలుసు. అప్పుడు లేచేదెవడు?

"వద్దు మహారాజా!" కేక పెట్టాడు. "పాపం వీళ్ళేం చేయలేదండీ!"

"ఒప్పుకున్నారు కదరా?"

"వీళ్ళంతే మహారాజా! చిన్నప్పట్నుంచీ ఇంతే! ఎవడు తిన్నా వీళ్ళే లేస్తారు! బళ్ళో నేను డబ్బాలు ఖాళీ చేసినప్పుడు కూడా ఈ లూర్దుగాడే..."

టక్కున నోరు మూసుకున్నాడు. లేటైపోయింది.

రాజుగారు గర్జించలేదు. ఏమీ అడగలేదు. మెల్లగా కళ్ళు మూసుకున్నారు. ఒక్కమాట అన్నారు.

"దేవుడు చూస్తున్నాడు."

నలుగురూ ముందే నిలబడి ఉన్నారు. కొట్టువాళ్ళల్లో కూర్చున్నది భద్రం ఒక్కడే. అటు చూశాడు, ఇటు చూశాడు. చెవులు వేలాడాయి. ముందుకాళ్ళు, వెనక్కాళ్ళు వాటంతట అవే లేచి నిలబడ్డాయి.

ఎంత కాదన్నా వాడూ అదే బళ్ళో చదివాడు కదా.

సాయంత్రం భద్రాన్ని ఏటవతలకి తోలేస్తుంటే, ఒడ్డుదాకా సాగనంపడానికి వెళ్ళింది ఎవరో తెలుసా? లూర్దు. ముళ్ళన్నీ ఇంకా లేచే ఉన్నాయి.

"సారీరా భద్రం. నావల్లే నీ జాబ్ పోయింది."

"ఛీ! పోరా!" నక్క నీళ్ళలో దిగుతూ అరిచింది. "పోయేటప్పుడైనా నా తప్పు నన్ను మోయనివ్వవా?"

నీతి: మంచోళ్ళని జాగ్రత్తగా కాపాడుకోవాలి, వాళ్ళు పోతే దొంగ దొరికిపోతాడు.